అన్న ఇంటి మురికినీళ్ళు

మా ఇంట్లో చేపల తొట్టి పెట్టింది చేపల మీద ప్రేమతో కాదు, మా అన్న మీద కసితో. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్ళకీ సుఖం.

మా అన్న ఇల్లు మా వీధిలోనే, మూడిళ్ళ అవతల. ఇద్దరికీ మైపాడు వైపు ఉప్పుకాలవ పక్కన రొయ్యల గుంటలున్నాయి. మధ్యలో గట్టు ఒకటే. అటువి వాడివి, ఇటువి నావి. అన్నను వాడు అనకూడదని మా అమ్మ చిన్నప్పుడు నా నెత్తిన మొట్టికాయలు వేసి మరీ చెప్పింది. అయినా ఆరేళ్ళు నేను వాడనే అన్నాను. ఆరేళ్ళ కిందట గుంటలో రొయ్యపిల్ల వదిలిన మూడో రోజుకే మొత్తం చచ్చి అడుగున తెల్లగా పరుచుకుంది. అదే వారం వాడు తన గుంటలో రొయ్య పట్టించి, ఆ నీళ్ళన్నీ కాలవలోకి వదిలాడు. ఇంకేం కావాలి నాకు? వాడి రోగం నీళ్ళు కాలవ దారిన వచ్చి నా పిల్లను చంపాయని వీధి మధ్యలో నిలబడి అరిచాను. వాడి పుట్టుక తప్ప అన్నీ ఎత్తిపొడిచాను. అది కూడా ఎత్తేవాణ్ణే, ఇద్దరిదీ ఒకే పుట్టుక కాబట్టి వదిలేశాను.

వాడు అరుగు మీద నిలబడి అంతా విన్నాడు. ఒక్క మాట అనలేదు. అనలేదంటే తప్పు ఒప్పుకున్నట్టేనని నేను తీర్పు చెప్పేశాను. ఆ గడప తొక్కితే నా మీద ఒట్టు అని మా ఆవిడ చేత కూడా ఒట్టు వేయించాను. ఆమె వేసింది. వేస్తూ నా మొహం కాదు, వాళ్ళ ఇంటి వైపు చూసింది. అప్పుడు అది కూడా నాకు కోపం తెప్పించింది.

వదిన వాళ్ళ ముందు గదిలో ఎప్పటినుంచో ఒక చేపల తొట్టి ఉంది, రెండడుగులది. మా ఆవిడ సాయంత్రం పూట ఆకుకూర చాటలో వేసుకుని అక్కడికి పోయేది. తోడికోడళ్ళిద్దరూ ఆ తొట్టి ముందు కూర్చుని కూర వలుచుకుంటూ దీపాల వేళ దాకా ఉండేవాళ్ళు. ఒట్టు పడ్డాక ఆమె మా వసారాలో పీట వేసుకుని ఒక్కతే కూర్చుని వలిచేది. గొణగలేదు, సణగలేదు. మొన్న వేసవిలో ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది.

"మనింట్లో కూడా ఒక చేపల తొట్టి పెట్టుకుందామా?"

పాతికేళ్ళ కాపురంలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మంచి మొగుడైతే ఆ మాటకు కరిగిపోయేవాడు. నాకు మాత్రం వదిన వాళ్ళ ముందు గది కళ్ళ ముందు మెదిలింది.

"వాళ్ళది రెండడుగులు. మనది నాలుగడుగులు పెడతా," అన్నాను.

నెల్లూరులో చేపల తొట్లు అమ్మే భాయ్ ఒకాయన ఉన్నాడు. మెల్లగా మాట్లాడతాడు, చూపుడువేలు ఆడిస్తూ మాట్లాడతాడు. ఆ వేలు చూస్తేనే నాకు మండింది. తొట్టి కింద థర్మాకోల్ షీట్ వెయ్యాలట. కిటికీ పక్కన, ఎండ పడేచోట పెట్టకూడదట. నీళ్ళు నింపి, ఫిల్టర్ తిప్పి, రోజూ చిటికెడు మేత వేస్తూ చేపల్లేకుండా నెల రోజులు ఊరికే పెట్టాలట. ఆ తర్వాత రెండు చేపలు, రెండు వారాలకు ఇంకో రెండు. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మాత్రమే మార్చాలి. ఫిల్టర్‌లో స్పాంజిని కుళాయి కింద కడగనే కూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్ళలో ఒక్కసారి జాడించి మళ్ళీ పెట్టేయాలి.

తాతకు దగ్గులు నేర్పుతున్నాడనిపించింది.

"నేను ఎన్నేళ్ళుగా గుంటలు నడుపుతుండానో తెలుసా భాయ్? నీళ్ళు చేత్తో తీసి చూస్తే చాలు, ఏముందో చెప్తా."

"గుంట వేరన్నా, గాజుతొట్టి వేరు."

"నీళ్ళు నీళ్ళే. పది చేపలు కట్టియ్యి."

"తొట్టి ఇస్తా. చేపలు ఇయ్యాల ఇయ్యను. నెల పోయినాక రా అన్నా."

అమ్ముకునేవాడు అమ్మనంటాడా! తొట్టి, ఫిల్టర్ ఆటోలో వేయించుకుని, పక్క వీధిలో ఇంకో అంగడికి పోయాను. అక్కడివాడు నెల సంగతి ఎత్తనే లేదు, నవ్వుతూ పది గోల్డ్‌ఫిష్‌లు కవర్లో కట్టిచ్చాడు. అందులో ఒకటి నల్లది, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి, ఎవరినో గదమాయిస్తున్నట్టు ఉంది. మా ఆవిడకు అదే నచ్చింది.

ఇక నేను నా విద్యంతా చూపించాను. గుంటను సిద్ధం చేసేది ఎట్లాగో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాత నీళ్ళు చుక్క లేకుండా తోడి, నేల బీటలిచ్చేదాకా ఎండబెట్టి, బ్లీచింగ్ కొట్టి, మళ్ళీ కొత్త నీళ్ళు పెడతాం. అదే పద్ధతిలో తొట్టిని బ్లీచింగ్‌తో తోమాను, గులకరాళ్ళను తోమాను, స్పాంజిని కూడా తోమి మిద్దె మీద ఎండేశాను. చేపల్ని అంతదాకా బకెట్లో ఉంచాను. తర్వాత కుళాయి నీళ్ళు ఒకరోజు నిలవబెట్టి తొట్టి నింపి, బకెట్లోంచి చేపల్ని అందులోకి వదిలాను. మేత నాలుగు పూటలు. రొయ్య మేత తిన్నదో లేదో చూడటానికి గుంటలో వల కట్టిన చట్రం దించుతాం కదా, ఇక్కడ కాఫీ సాసర్ ఒకటి దించాను. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వుకో. నెల తిరిగేసరికి ఊరంతా చూడటానికి వస్తారు," అన్నాను.

ఊరు రావడానికి నెల పట్టలేదు. ఐదో రోజు రెండు చేపలు వెల్లకిలా తేలాయి. ఏడో రోజుకు ఇంకో మూడు. పక్కింటాయన గుమ్మంలో నిలబడి, "ఏందన్నా, పులుసుకైనా పనికొచ్చే చేపలు తెచ్చుండొచ్చు కదా" అన్నాడు. నేను తలుపు వేశాను.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. నల్లదాన్నీ మిగిలినవాటినీ బకెట్లోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, మళ్ళీ బ్లీచింగ్, మళ్ళీ ఎండ, మళ్ళీ కొత్త నీళ్ళు. చచ్చిన వాటికి బదులు కొత్తవి తెచ్చాను. అవీ చచ్చాయి. మూడోసారి కూడా అంతే. అద్దంలా మెరిసే నీళ్ళు, తళతళలాడే గులకరాళ్ళు, అందులో తెల్లబడి చచ్చే చేపలు.

"ప్రతిసారీ అంతా ఎందుకు కడుగుతుండావయ్యా? అక్కావాళ్ళ తొట్టి ఇట్టా కడగంగా నేనెప్పుడూ చూళ్ళా," అంది మా ఆవిడ.

మా వదిన పేరెత్తింది. అంతే. నేను గిన్నెలు ఎగిరేలా అరిచాను. దొంగచాటుగా మేత ఎక్కువ వేస్తున్నది నువ్వేనన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. మరుసటి రోజు దోమలకు పొగ కొట్టిన పంచాయతీ వాళ్ళను తిట్టాను. ఆ మరుసటి రోజు చేపలమ్మినవాడిని. ఎవరో ఒకరు నా నీళ్ళు పాడుచేస్తుండాలి. నేను ముట్టుకున్న నీళ్ళు వాటంతటవే పాడవుతాయా?

మూడో విడత చివరికి నల్లదొక్కటే మిగిలింది. ఒకరోజు పొద్దున చూస్తే అదీ నీళ్ళ మీదికొచ్చి నోరు తెరిచి మూస్తోంది. రెక్కలు ముడుచుకుపోయాయి. మా ఆవిడ పొయ్యి కూడా వెలిగించకుండా అద్దానికి అరచేయి ఆనించి కూర్చుంది. నేను బ్లీచింగ్ డబ్బా తెస్తుంటే తల తిప్పకుండానే మాట్లాడింది.

"ఆ డబ్బా యాడ తెచ్చినావో ఆడ పెట్టు. ఇది కూడా పోతే తొట్టి ఎత్తి బయట పారెయ్. ఇంకెప్పుడూ నిన్ను ఏమీ అడగను."

అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. ఆమె అరవలేదు. ఆ గొంతులో ఆశ అనేది లేదు. నాకు భయం వేసింది, నిజంగా భయం వేసింది. డబ్బా దించేసి, తొట్టి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని తొలి బస్సుకే నెల్లూరు పోయాను.

భాయ్ నన్ను చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టడానికి ఒక దారి దొరికేది. సీసాలోంచి కాసిని నీళ్ళు చిన్న గొట్టంలో పోసి రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేశాడు. నీళ్ళు ముదురు ఆకుపచ్చకు తిరిగాయి.

"అమ్మోనియా. చేప విసర్జించేదీ, తినకుండా మిగిల్చిన మేతా కలిసి విషమైంది. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటాయన్నా, కంటికి కనపడవు. స్పాంజి మురికిలో, రాళ్ళ జిగురులో పెరగతాయి. నెల రోజులు ఆగమన్నది అందుకే. తొట్టి ఎట్టా కడిగినావు?"

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మూడుసార్లా? చేపల్ని చంపింది నీళ్ళు కాదన్నా. నీ శుభ్రం."

"దీనికి మందేమన్నా ఉంటే ఇయ్యి."

"మూడో వంతు నీళ్ళు మార్చు. మేత ఆపు. అదొక్కటే చాలదు. ఏళ్ళ తరబడి నడుస్తుండే తొట్టి ఎవరింట్లోనన్నా ఉంటే, ఆ ఫిల్టర్‌లో మురికి స్పాంజి సగం అడిగి తెచ్చుకో. కడక్కుండా. ఎంత మురికిగా ఉంటే అంత మంచిది. ఇయ్యాలే."

"నీ అంగట్లోది ఇయ్యి."

"నా తొట్లలో నిన్ననే కొత్త సరుకు దిగింది. దానికి ఏ రోగముందో తెలవదు. నాది ఇస్తే రోగం కూడా ఇచ్చినట్టే. మీ ఊళ్ళో ఎవరికీ లేదా పాత తొట్టి?"

ఆయనకేం తెలుసు, ఊళ్ళో పాత తొట్టి ఒకే ఒక్కటి ఉందనీ, అది ఎవరింట్లో ఉందనీ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒకటే మాట చెవిలో తిరుగుతోంది. నీ శుభ్రం. ఆరేళ్ళ కిందటి ఆ వారం, తొక్కిపెట్టినదంతా, వద్దంటున్నా పైకొచ్చింది. నేను గుంటకు బ్లీచింగ్ కొట్టిన ఐదో రోజుకే రొయ్యపిల్లను పెంచి అమ్మే హేచరీ వాళ్ళు పిల్ల తెచ్చేశారు. ఘాటు ఇంకా పోలేదు, నీళ్ళు పరీక్ష చేయించి రెండు రోజులాగు అని గుంటల మీద పనిచేసే ముసలాయన చెప్పాడు. నాకు తెలుసులే అన్నాను. పిల్ల వదిలాను. మూడో రోజుకు అడుగున తెల్లగా పరుచుకుంది.

ఇంకో సంగతి ఉంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆ వారమంతా నా గుంట తూముకు పలకలు దించే ఉన్నాయి. కాలవ నీళ్ళు ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు, వచ్చే దారే లేదు. మా అన్న ఏ నీళ్ళు వదిలినా అవి నా పిల్లను ముట్టుకోలేదు. ఇది ఇవాళ తెలిసిన సంగతి కాదు. వీధిలో నిలబడి అరుస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నదాని కంటే ఇది హీనం. ఆమె మద్దెలను అంది. నేను అన్నను అన్నాను.

బస్సు దిగి ఇంటికి పోలేదు. పోతే మళ్ళీ బయటికి రానని తెలుసు. నేరుగా మూడిళ్ళ అవతలికి పోయాను.

వదిన తలుపు తీసింది. ఆరేళ్ళలో జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి పక్కకు జరిగింది. మా అన్న కుర్చీలో కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. ఆయన వెనకాల తొట్టి. అద్దం మూలల్లో పాచి, రాళ్ళ మీద నల్లటి జిగురు, నీళ్ళు పలచటి టీ రంగు. నేనైతే చూసిన వెంటనే పారబోసే నీళ్ళు. అందులో అరచేయంత చేపలు నాలుగు బలిసి తిరుగుతున్నాయి. వాటిని చూస్తే కడుపు మండింది. అంత అవమానంలో కూడా మండింది. నా బుద్ధి అది.

"మీ ఫిల్టర్ స్పాంజి సగం కావాల," అన్నాను. కుశలప్రశ్నలు వేసే మొహం కాదు నాది. "కడగొద్దు. మురికిదే కావాల."

మా అన్న చెవిలో పుల్ల తీసి నా వైపు చూశాడు.

"నా మురికినీళ్ళు కావాల్సి వొచ్చినాయా రా నీకు?"

ఆ మాటను ఆరేళ్ళ కిందట వీధిలో నిలబడి నేనే అచ్చు పోశాను, ఆయన ఊరికే తీసి నాకు తిరిగి ఇచ్చాడు. ఒళ్ళంతా కాలింది. మామూలుగా అయితే గుమ్మం దాటి వీధిలోకి పోయి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. కానీ అద్దం మీద మా ఆవిడ అరచేయి గుర్తొచ్చింది.

"ఊ. కావాల," అన్నాను.

వదిన అప్పటికే ఫిల్టర్ విప్పుతోంది. స్పాంజిని కత్తెరతో నిలువునా కోసింది. తొట్టి నీళ్ళు నీలం బకెట్లోకి కాసిని తోడి, సగం ముక్కను అందులో వేసింది. గోధుమరంగు మడ్డి బకెట్టంతా అలముకుంది. నేను బకెట్ అందుకోబోతుంటే మా అన్న కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"ఆ వారం నీ తూము పలకలు దించే ఉన్నాయి. గట్టు మీద పోతా నేను చూసినా."

బకెట్ వదిలేసి ఆయన వైపు తిరిగాను.

"మరి నేను అరస్తుంటే అప్పుడే ఎందుకు చెప్పలా?"

"నువ్వే చెప్తావని చూసినా." మళ్ళీ పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. "రేపు చెప్తాడు, ఎల్లుండి చెప్తాడు అనుకున్నా. ఆరేళ్ళయింది."

క్షమించు అనే మాట నాకు రాదు. ఎప్పుడూ రాలేదు, ఆ రోజూ రాలేదు. చివరికి బయటికొచ్చింది ఇంతే.

"పిల్లను నేనే చంపుకున్నా. నీది కాదు తప్పు."

ఆయన తలాడించలేదు, దగ్గరికి తీసుకోలేదు. "సరే, ఒలక్కుండా తీసుకుపో. స్పాంజి ఆరిపోకముందే పెట్టు," అన్నాడు.

నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఆవిడ నా మొహం చూడలేదు, బకెట్ చూసింది. నీలం రంగుది, పిడి దగ్గర తాడు చుట్టింది. అది ఎవరి బకెట్టో చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె లేచి నిలబడింది.

"అక్క ఎట్టుండాది?"

"చేప సంగతి అడగవా?"

"అక్క ఎట్టుండాదయ్యా?"

"జుట్టు నెరిసింది," అన్నాను.

మూడో వంతు నీళ్ళు మార్చి, ఆ మురికి ముక్కను మా ఫిల్టర్‌లో పెట్టి, బకెట్లో మిగిలిన మడ్డిని కూడా తొట్టిలో పోశాను. అద్దంలాంటి నా నీళ్ళు మసకబారాయి. నా చేత్తో నేను మురికి పోస్తున్నానని ప్రాణం విలవిల్లాడింది. నల్లది ఆ రోజంతా నోరు తెరుస్తూనే ఉంది. మరునాడు కాస్త కిందికి దిగింది. వారానికి రెక్కలు విప్పింది. భాయ్ చెప్పినట్టు మేత చిటికెడుకు తగ్గించాను, బ్లీచింగ్ డబ్బా గుంటల దగ్గరి షెడ్డులో పెట్టొచ్చాను. ఇంట్లో ఉంటే నా చేయి ఊరుకోదు.

స్పాంజి పెట్టిన రోజు సాయంత్రమే మా ఆవిడ చాటలో తోటకూర వేసుకుని, నా ముందు నిలబడి అడిగింది.

"ఒట్టు ఉందా, తీసేసినావా?"

"తీసేసినా."

చెప్పులేసుకుని పోయింది. దీపాల వేళ దాటాక వచ్చింది. మరునాడూ పోయింది. ఇప్పుడు రోజూ పోతుంది. మొదట నేను చూసీచూడనట్టు ఊరుకున్నాను. తర్వాత నా కోపం నన్ను ఊరుకోనివ్వలేదు. ఇంట్లో నాలుగడుగుల తొట్టి పెట్టుకుని, అందులో బతికి బట్టకట్టిన చేపను పెట్టుకుని, అక్కడికి పోయి ఆ పాచి పట్టిన రెండడుగుల దాన్ని చూడటమేంటి?

ఒకరోజు గుమ్మంలోనే నిలదీశాను.

"ఇంత తొట్టి నీ కోసమే కదా తెచ్చినాను. దీన్ని వదిలేసి ఆ చిన్నదాన్ని చూస్తానికి పోతావేంది?"

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగింది. ఆమె మొహంలో కోపం ఏమీ లేదు. అదే నాకు పెద్ద దెబ్బ.

"మేమిద్దరం యానాడైనా చేపల్ని చూసినామా అయ్యా? నువ్వు పోనియ్యలేదు కాబట్టి తొట్టి అడిగినా."

చాట చంకన పెట్టుకుని మెట్లు దిగింది. మూడిళ్ళ అవతల తలుపు తీసిన చప్పుడు, వదిన గొంతు, ఇద్దరి నవ్వూ వినిపించాయి. నేను లోపలికొచ్చి తొట్టి ముందు కూర్చున్నాను. నల్లది అద్దం దగ్గరికొచ్చి ఆ పొడుచుకొచ్చిన కళ్ళతో నన్ను చూసింది. మేత వేళ కాలేదు. అయినా అది కదల్లేదు, నేనూ కదల్లేదు. ఆరేళ్ళు ఆమె వసారాలో ఒక్కతే కూర్చుని కూర వలిచిన పీట మీదే నేను కూర్చుని ఉన్నానని కాసేపటికి గమనించాను.